‘నేనున్నాను కదా’ అన్న తర్వాత

ఆపరేషన్ థియేటర్ తలుపు తెరుచుకుని నర్సు బయటికి వస్తుంది. చిన్న కాగితం పొట్లం ఒకటి భర్త చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోతుంది. పొట్లంలో పుస్తెలతాడు, నల్లపూసలు, మెట్టెలు, చెవి దుద్దులు ఉంటాయి. ఒంటి మీద లోహం ఉండకూడదు కాబట్టి ఆపరేషన్‌కు ముందు అన్నీ తీయిస్తారు. మెడ బోసిగా ఉంచుకోలేక పసుపుతాడు కట్టుకుని లోపలికి వెళ్లే ఆడవాళ్లూ ఉన్నారు. ఆ పొట్లాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచక చొక్కా జేబులో వేసుకుని, మాటిమాటికీ జేబు తడిమి చూసుకుంటూ గంటల తరబడి బయట కుర్చీలో కూర్చునే మగవాళ్లు మన క్యాన్సర్ ఆసుపత్రుల్లో రోజూ కనిపిస్తారు. తను కట్టిన తాళి తన జేబులో ఉండడం వాళ్లలో చాలామందికి పెళ్లయ్యాక అదే మొదటిసారి.

2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1.92 లక్షల మంది మహిళలకు రొమ్ము క్యాన్సర్ బయటపడింది. 98 వేల మందికి పైగా చనిపోయారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే మన దగ్గర ఈ జబ్బు దాదాపు పదేళ్లు ముందే పలకరిస్తోంది. నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. అంటే పిల్లలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో ఉంటారు. ఇంటి లోను ఇంకా తీరదు. అత్తమామలు పెద్దవాళ్లయి ఉంటారు. వీళ్లందరికీ ఏ పూట ఏం కావాలో చూసే మనిషే ఒక్కసారిగా మంచం పడుతుంది. ఇక ఆమెను చూసుకోవాల్సిన మనిషికి, చాలా ఇళ్లలో, ఇంట్లో బియ్యం డబ్బా ఎక్కడుంటుందో కూడా తెలియదు.

బయాప్సీ రిపోర్టు చేతికొచ్చిన రోజు తెలుగింటి భర్త నోటి నుంచి వచ్చే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. “నీకేం కాదు. నేనున్నాను కదా.” ప్రేమతో అనే మాటే అది. కానీ అందులో మొదటి సగం అతని చేతుల్లో లేదు. అన్ని పరీక్షలూ చూసిన డాక్టర్ కూడా ఆ హామీ ఇవ్వడు. రెండో సగం మాత్రం పూర్తిగా అతనిదే. ఆపరేషన్, కీమో, రేడియేషన్, మాత్రలు కలిపి ఏడాది దాకా, కొన్నిసార్లు ఏళ్ల తరబడి సాగే చికిత్సలో ఆ ‘నేనున్నాను’ అనే మాటలో ఎంత పని దాగి ఉందో ఎవరూ ముందుగా చెప్పరు.

అమెరికా పాత్రికేయుడు మార్క్ సిల్వర్‌కూ ఎవరూ చెప్పలేదు. 2001లో ఆయన ఆఫీసులో ఉండగా భార్య ఫోన్ చేసి, డాక్టర్ క్యాన్సర్ అంటున్నారని చెప్పింది. ఆయన ఏదో పొడిమాట ఒకటి అని, ఇంటికి పరిగెత్తకుండా ఆఫీసులోనే ఉండిపోయాడు. ఈ సంగతి ఆయనే తర్వాత దాచకుండా చెప్పుకున్నాడు. ప్రేమ లేక కాదు, బుర్ర పనిచెయ్యక. ఆ అనుభవం నుంచే 2004లో భర్తల కోసం ‘బ్రెస్ట్ క్యాన్సర్ హజ్బెండ్’ అనే పుస్తకం రాశాడు. ఆయన భర్తలకు పదేపదే చెప్పే సలహా చాలా చిన్నది: నోరు మూసుకుని ముందు ఆమె చెప్పేది వినండి.

వినడం మన దగ్గర ఇంకా కష్టం. రాత్రి లైటు తీసేశాక ఆమె మెల్లగా అంటుంది, “ఏవండీ, నాకేమన్నా అయితే పిల్లల సంగతి?” అని. “ఛ, అలాంటి మాటలు మాట్లాడకు” అని అతను పక్కకు తిరుగుతాడు. ఆ మాట అతనికి భరించలేనంత బరువు, నిజమే. కానీ ఆమె ఇక ఆ విషయం ఎత్తదు. అమ్మతో చెబితే అమ్మ ఏడుస్తుంది, పిల్లలతో చెప్పలేదు. ఇక ఆ భయం అంతా ఒంటరిగా మోస్తుంది. “చెప్పు, ఏమనిపిస్తోంది?” అని అడిగితే చాలు. జవాబులు వెతకక్కర్లేదు, ధైర్యం నూరిపోయక్కర్లేదు.

డాక్టర్ గదిలో మాత్రం అతని చెవులు రెండింతలు పనిచేయాలి. అక్కడ చెప్పే మాటల్లో సగం కూడా ఆమెకు గుర్తుండవు. ఒక నోటుబుక్కు, ఒక ఫైలు ఈ ప్రయాణంలో అన్నిటికన్నా పనికొచ్చే వస్తువులు. తేదీల వారీగా రిపోర్టులు, రక్తపరీక్షలు, ఇచ్చిన మందులు, అడగాల్సిన ప్రశ్నలు అందులో ఉంటాయి. రిపోర్టులో ఈఆర్, పీఆర్, హెర్2 అనే మూడు మాటలు తప్పకుండా కనిపిస్తాయి. మొదటి రెండిటిలో ఏది పాజిటివ్ అయినా గడ్డ హార్మోన్ల మీద పెరుగుతోందని అర్థం, దానికి ఏళ్ల తరబడి వేసుకునే మాత్రలు ఉన్నాయి. హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. అందుకే పక్కింటావిడకు ఇచ్చిన మందూ ఈమెకు ఇచ్చే మందూ ఒకటి కాకపోవచ్చు. కొందరికి ముందు కీమో ఇచ్చి గడ్డను కరిగించి ఆ తర్వాత ఆపరేషన్ చేస్తారు. ఆపరేషన్ వాయిదా వేస్తున్నారని కంగారుపడాల్సిన పనిలేదు. ‘కత్తి తగిలితే పాకుతుంది’ అని ఊళ్లో అనే మాట నమ్మి బయాప్సీకే వెనకాడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకు ఆధారం లేదు. ఆ ఆలస్యంలో గడ్డ పెరుగుతుంది.

ఇక్కడే భర్తలు తెలియకుండా ఒక పొరపాటు చేస్తారు. “మొత్తం తీసెయ్యండి డాక్టర్ గారూ, మాకు మనిషి ముఖ్యం” అని ఆమె నోరు తెరవకముందే చెప్పేస్తారు. మనిషి మీద మమకారంతోనే అంటారు. అయితే గడ్డ తొలిదశలో ఉంటే, ఆ మేరకే తీసి, తర్వాత రేడియేషన్ ఇచ్చినా బతుకు అవకాశాలు సమానమేనని అమెరికా, ఇటలీలలో ఇరవై ఏళ్ల పాటు రోగులను గమనించి 2002లో ప్రకటించిన రెండు పెద్ద అధ్యయనాలు తేల్చాయి. ఎవరికి ఏది కుదురుతుందో సర్జన్ చెబుతారు. రెండూ కుదిరే చోట ఎంచుకోవాల్సింది ఆమె. కొందరు ఉంచుకోవాలనుకుంటారు. కొందరు, మళ్లీ భయపడుతూ బతకలేనని, తీయించుకోవాలనుకుంటారు. భర్త చేయగలిగింది ఆమెకు ఆలోచించుకునే టైము ఇప్పించడం. చాలా సందర్భాల్లో కొద్దిరోజులు ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, ఆ మాట డాక్టర్‌నే అడగవచ్చు.

ఖర్చు సంగతి కూడా మొదట్లోనే తేలాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. తెలంగాణలో పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో ఆ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్ర దగ్గర కార్డులూ ఆధార్లూ పట్టుకుని నిలబడడం, అనుమతి వచ్చిందా అని అడుగుతూ తిరగడం అతని వంతు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే ఆసుపత్రి, విశాఖ దగ్గర అగనంపూడిలో హోమీ భాభా ఆసుపత్రి ఉన్నాయి. బంజారాహిల్స్‌లోని బసవతారకం ఆసుపత్రి అయితే ఒక భర్త తలపెట్టిందే. భార్య క్యాన్సర్‌తో పోయాక ఎన్.టి.రామారావు ఆమె పేరిట దాన్ని కట్టించాలనుకున్నారు. 2000లో తలుపులు తెరిచేనాటికి ఆయన లేరు.

ఆపరేషన్ అయ్యాక ఇంటికి వచ్చేటప్పుడు ఆమె పక్కన ఒక ప్లాస్టిక్ డబ్బా వేలాడుతూ వస్తుంది. హార్మోనియం తిత్తిలా ముడతలుండే ఆ డబ్బా పేరు డ్రెయిన్. చంక కింద నుంచి వచ్చే సన్నటి గొట్టం లోపల ఊరే నీటిని అందులోకి లాగుతుంది. రోజూ ఒకే వేళకు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. గొట్టం మీది క్లిప్పు బిగించి, మూత తీసి, ద్రవాన్ని కొలత గ్లాసులో వంచి, ఎన్ని మిల్లీలీటర్లో రాయాలి. డబ్బాను బాగా నొక్కి, గాలి పోయాక అలా నొక్కి ఉంచుతూనే మూత పెట్టి, క్లిప్పు వదలాలి. మూత సరిగ్గా పడకపోతే డబ్బా తిత్తిలా మళ్లీ ఉబ్బిపోతుంది, లాగడం ఆగిపోతుంది. మొదటి రోజుల్లో ఎర్రగా వచ్చేది, తర్వాత గులాబీ రంగుకు, చివరికి లేత పసుపుకు మారుతుంది. రోజుకు 30 మిల్లీలీటర్లకు తగ్గితే సాధారణంగా తీసేస్తారు. నోటుబుక్కులో 140, 110, 85, 60 అని దిగుతూ వచ్చే ఆ అంకెలు రాసిన భర్తకు, వైద్యంలో తానూ ఒక చెయ్యి వేశానన్న నమ్మకం కలుగుతుంది. ఎర్రటి ద్రవం చూస్తే కళ్లు తిరిగేవాళ్లు కూడా మూడోరోజుకు అలవాటుపడతారు. నర్సును ఆసుపత్రిలోనే ఒకసారి చేసి చూపించమని అడగడం మేలు.

కట్టు మార్చే రోజు వేరే పరీక్ష. రొమ్ము ఉన్నచోట చదునుగా, అడ్డంగా కుట్ల గీత ఉంటుంది. ఆమె అద్దంలో చూసుకోకముందే అతని మొహంలో చూసుకుంటుంది. చూడలేక అతను తల తిప్పుకుంటే ఆమె దాన్ని జాలిగానో అసహ్యంగానో చదువుకుంటుంది. కళ్లలో నీళ్లొస్తే రానివ్వొచ్చు, తల మాత్రం తిప్పుకోకూడదు. కొందరు ఆడవాళ్లు వారాలపాటు చూపించరు. అదీ ఆమె ఇష్టమే. ఆ వైపు చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్లతో పైకి పాకించే వ్యాయామం డాక్టర్ చెబుతారు. గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, రోజూ ఎంత ఎత్తుకు చేరిందో చూసుకుంటూ పక్కన నిలబడితే ఆమె విసుగు సగం తగ్గుతుంది. చంకలో గ్రంథులు తీసిన చెయ్యి ముందు ముందు వాచే వీలుంది కాబట్టి నీళ్ల బిందెలూ సరుకుల సంచులూ అటువైపు మోయనివ్వకూడదు. వాపు, ఎరుపు, వేడి కనిపిస్తే చూపించాలి.

ఆ తర్వాత కీమో. ఇంటి క్యాలెండర్ తారీఖులు వదిలేసి 21 రోజుల లెక్కలోకి మారుతుంది. ఎక్కువ మందులు మూడు వారాలకోసారి ఇస్తారు, కొన్నిటిని వారం వారం. ఎర్రగా ఉండే డాక్సోరూబిసిన్ ఎక్కిన మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే అది రక్తం కాదు, మందు రంగు. మొదటి నాలుగైదు రోజులు వాంతులు, నీరసం. ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్లకణాలు బాగా పడిపోతాయి. మూడో వారంలో మనిషి కాస్త తేరుకుని నవ్వుతుంది, అంతలో మళ్లీ సీబీపీ రక్తపరీక్ష చేయించి తర్వాతి డోసుకు బయల్దేరాలి. కౌంట్ తగ్గితే డోసు వాయిదా పడుతుంది. ఎవరి పెళ్లికైనా వెళ్లాలన్నా, పిల్లల స్కూలు ఫంక్షన్ చూడాలన్నా ఆ మూడో వారమే చూసుకోవాలి.

ఆ రెండో వారం సంగతి ఒక్కటి గట్టిగా చెప్పాలి. ఇంట్లో థర్మామీటర్ ఉండి తీరాలి. జ్వరం 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ తాకితే రాత్రి రెండయినా సరే ఆసుపత్రికి ఫోన్ చేసి బయల్దేరాలి. పారాసిటమాల్ బిళ్ల వేసి తెల్లారనిద్దాం అనుకోకూడదు. తెల్లకణాలు పడిపోయిన ఒంట్లో ఇన్‌ఫెక్షన్ కొన్ని గంటల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది. ఆసుపత్రి అత్యవసర నంబరు ఫ్రిజ్ మీద అంటించి ఉండడం, బండిలో పెట్రోలు ఉండడం, రాత్రిపూట వచ్చే ఆటో అతని నంబరు తెలిసి ఉండడం లాంటివే ఆ వారంలో ప్రాణాలు కాపాడే ఏర్పాట్లు. ‘నాకేం లేదు, కాస్త వేడిగా ఉంది అంతే’ అని ఆమె దాచుకుంటుంది, ఇంటిల్లిపాదినీ లేపడం ఇష్టంలేక. అందుకని అడగడం కన్నా కొలవడం నయం.

వంటింట్లో చిక్కు మరోలా ఉంటుంది. నిన్నటిదాకా ఇష్టంగా పెట్టిన తాలింపు వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతుంది. నీళ్లు కూడా ఇనుము రుచి వస్తున్నాయంటుంది. నోరు పూసి ఆవకాయ తాకితే మండిపోతుంది. తలుపు వేసి వండడం, చల్లారాక పెట్టడం, ఇడ్లీ, పెరుగన్నం, రాగి జావ కొద్దికొద్దిగా ఐదారుసార్లు ఇవ్వడం పనిచేస్తాయి. వద్దన్న ముద్ద తీసి పక్కన పెట్టాలి, బతిమాలి కుక్కకూడదు. కోసి అమ్మే పండ్లూ, బయటి చట్నీలూ ఆ నెలల్లో వద్దు. ఎవరో చెప్పారని ఆకు పసర్లూ పొడులూ మొదలుపెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి, కొన్ని కాలేయానికి చేటు.

చుట్టాలను గుమ్మంలోనే చూసుకోవడం కూడా భర్త పనే. దగ్గుతో వచ్చినవాళ్లను ఇంకోసారి రమ్మనడం, ‘మా ఊళ్లో ఒకావిడకి ఇలాగే వచ్చి...’ అని మొదలుపెట్టేవాళ్లను మెల్లగా వరండాలోకి తీసుకెళ్లడం ఆమె చేయలేదు. ‘ఏ జన్మలో ఏం చేసిందో’ అనే పెద్దలు సొంత తల్లే అయినా అతను అక్కడే ఆపాలి. ఈ జబ్బు అంటుకోదు. పక్కన కూర్చుంటే, ఒకే కంచంలో తింటే, పిల్లలు ఒళ్లో పడుకుంటే ఏమీ కాదు. మన దగ్గర ‘కరెంటు పెట్టడం’ అనే బయటినుంచి ఇచ్చే రేడియేషన్ వల్ల కూడా ఆమె ఒంట్లో కిరణాలేవీ మిగలవు. వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదారు వారాలు సాగే ఆ చికిత్సలో అసలు బాధ రోజూ వెళ్లి రావడం, చర్మం కమలడం, అలసట.

మొదటి కీమో అయిన రెండు మూడు వారాలకు దిండు మీద జుట్టు కనబడుతుంది. తర్వాత దువ్వెనకు, బాత్రూమ్ జాలీకి. మన ఆడవాళ్లకు గుండు అనగానే రెండు గుర్తుకొస్తాయి. ఒకటి తిరుమల మొక్కు. రెండోది పాతకాలపు వితంతువు. బొట్టు పెట్టుకుని అద్దం ముందు నిలబడిన ఆమెకు రెండోదే ముందు గుచ్చుకుంటుంది. ‘జుట్టే కదా, మళ్లీ వస్తుంది’ అన్న మాట నిజమే అయినా ఆ క్షణానికి అది మందు కాదు. ఊడేదాకా ఆగకుండా ముందే కత్తిరించుకుంటే తేలిగ్గా ఉంటుందంటారు కొందరు. భార్యతో పాటు తానూ గుండు చేయించుకునే భర్తలున్నారు. అది కొందరికి కొండంత అండ. ఇంకొందరికి, వీధిలో ఇద్దరినీ చూసి అందరికీ తెలిసిపోతుందన్న బెంగ. ముందు అడిగి చేయడం మంచిది.

బాబ్ కేరీ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ దారి వేరు. 2003లో అతని భార్య లిండాకు రొమ్ము క్యాన్సర్ తేలింది, 2006లో తిరగబెట్టింది. భారీ మనిషి అయిన కేరీ, బ్యాలే నర్తకి వేసుకునే గులాబీ కుచ్చుల స్కర్టు ఒక్కటే కట్టుకుని రైల్వే స్టేషన్లలో, మంచులో, బీచిల్లో తన ఫొటోలు తానే తీసుకున్నాడు. లిండా వాటిని కీమో ఎక్కించే గదిలో పక్కవాళ్లకు చూపిస్తే ఆ గదంతా నవ్వింది. మన హీరో ఆయుష్మాన్ ఖురానా 2018లో, భార్య తాహిరా చికిత్సలో ఉండి భర్త కోసం భార్య చేసే కర్వా చౌత్ ఉపవాసం చేయలేకపోతే, ఆమె బదులు తాను ఉన్నాడు. ఇంట్లో ఎవరికి ఏ నవ్వు, ఏ మొక్కు సరిపోతుందో ఆ ఇంటివాళ్లకే తెలుస్తుంది.

పడకగది గురించి డాక్టర్ చెప్పరు, వీళ్లు అడగరు. చికిత్సలో కొందరికి ముందుగానే ముట్లు ఆగిపోతాయి, ఒళ్లంతా ఆవిర్లు వస్తాయి, పొడిబారడం వల్ల కలయిక నొప్పిగా ఉంటుంది. ఆమె వద్దంటే ఇష్టం చచ్చిందని కాదు. అతను దూరంగా పడుకుంటే, దెబ్బ తగులుతుందేమోనన్న భయంతో కావచ్చు, కానీ ఆమెకు మరోలా అర్థమవుతుంది. చెయ్యి పట్టుకుని పడుకోవడం ఎప్పుడూ మానక్కర్లేదు. చికిత్స జరుగుతున్నంత కాలం గర్భం రాకుండా జాగ్రత్త పడాలి. పిల్లలు కావాలనుకునే చిన్న వయసువాళ్లు అండాలు భద్రపరిచే సంగతి కీమోకు ముందే అడగాలి, తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది.

‘ఇంకో పెళ్లి చేసుకుంటాడేమో’ అన్న భయం ఆడవాళ్లు ఒకరికొకరు వార్డులో చెప్పుకుంటారు. 2009లో అమెరికాలో మెదడు కణితి, ఇతర క్యాన్సర్లు, మల్టిపుల్ స్క్లీరోసిస్ ఉన్న 515 మందిని పరిశీలించినప్పుడు, జబ్బుపడింది భార్య అయితే విడిపోయినవాళ్లు 20.8 శాతం, భర్త అయితే 2.9 శాతం. బాధ కలిగించే లెక్కే. అయితే 2007లో డెన్మార్క్‌లో జరిగిన పెద్ద పరిశీలనలో రొమ్ము క్యాన్సర్ వల్ల విడాకులు పెరిగినట్టు కనబడలేదు. ఎక్కువమంది నిలబడుతున్నారు. కాకపోతే నిలబడ్డవాళ్లు కూడా లోపల నలుగుతున్నారు. డెన్మార్క్‌లోనే జరిగి 2010లో ప్రచురితమైన మరో అధ్యయనంలో, భార్యకు రొమ్ము క్యాన్సర్ వచ్చిన 20 వేల పైచిలుకు మగవాళ్లలో, తీవ్ర కుంగుబాటు లాంటి మానసిక సమస్యలతో ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం మిగతావాళ్ల కన్నా 39 శాతం ఎక్కువగా కనిపించింది. మన మగవాళ్లు ఏడవడానికి బాత్రూమ్‌లో కుళాయి తిప్పుతారు. ఒక స్నేహితుడికైనా, తమ్ముడికైనా ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మరదలు వారానికి రెండు రోజులు వస్తానంటే రమ్మనాలి. అమెరికాలోని తెలుగు జంటలకు ఆ మరదలు కూడా దగ్గర ఉండదు. అక్కడ చాలా సంస్థల్లో భార్య తీవ్ర అనారోగ్యానికి 12 వారాల జీతంలేని సెలవు చట్టం ప్రకారం దొరుకుతుంది. దాన్ని విడతలుగా, కీమో రోజులకు సరిపెట్టుకుని కూడా వాడుకోవచ్చు.

చివరి రేడియేషన్ అయిన రోజు అతను స్వీట్ల డబ్బా తెస్తాడు. ఆమె ఏడుస్తుంది. ఇన్ని నెలలు వరుసగా డోసులూ తేదీలూ తోస్తూ వచ్చాయి, భయపడే తీరిక లేదు. ఇప్పుడుంది. చాలా ఇళ్లలో జరిగేది ఇదే: అతని లెక్కలో అయిపోయిన చోట ఆమెకు మొదలవుతుంది. పైగా మరుపు వస్తుంది, మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, హార్మోన్ పాజిటివ్ అయినవాళ్లకు టమాక్సిఫెన్ లాంటి మాత్ర రోజూ ఐదేళ్లు, కొందరికి పదేళ్లు. తోడబుట్టినవాళ్లూ కూతుళ్లూ ఉంటే జన్యు పరీక్ష సంగతి కూడా డాక్టర్‌తో మాట్లాడాలి. కొత్త జుట్టు మొదట్లో ఉంగరాలుగా, మెత్తగా వస్తుంది.

చెకప్‌కు ముందు రాత్రి ఆమె అప్పుడే కడిగిన గట్టును మళ్లీ తుడుస్తూ ఉంటుంది. అతను ‘ఏం కాదులే’ అనడు. రేపు ఎన్నింటికి బయల్దేరదామని అడుగుతాడు. బీరువాలోంచి ఫైలు తీసి గుమ్మం పక్క బల్ల మీద పెడతాడు. నోటుబుక్కు మొదటి పేజీల్లో డ్రెయిన్ అంకెలు 140 నుంచి దిగుతూ ఉన్నాయి. వాటిని దాటి, ఖాళీ పేజీలో రేపటి తేదీ వేసి, “ఏం అడగాలో చెప్పు, రాసుకుంటాను” అని ఆమె పక్కన కూర్చుంటాడు.